పలకల కింద ఉన్నది ద్రవం కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఎక్కడ భూకంపం వచ్చినా, ఎక్కడ అగ్నిపర్వతం పేలినా పత్రికలు వార్తతో పాటు ఒక చిన్న వివరణ, దాని పక్కన భూగోళాన్ని కోసి చూపే బొమ్మ వేస్తాయి. ఆ బొమ్మలో పైన సన్నని గట్టి పొర, దాని కింద నారింజ రంగులో మరుగుతున్న ద్రవం ఉంటాయి. భూమి పలకలు కరిగిన శిలాద్రవంపై తేలుతూ కదులుతాయన్న వాక్యం ఆ వివరణలో దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. చాలా పాఠాల్లోనూ, బోధనా వీడియోల్లోనూ ఇదే మాట వినబడుతుంది. భూవిజ్ఞానపు తొలి పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిగా ఆ ఒక్క వాక్యం గురించే ఈ లేఖ రాస్తున్నాను. అది తప్పు. పలకల కింద ఉన్నది ఘనశిల. ఇది చిన్న సవరణగా కనిపించవచ్చు గానీ ఖనిజాలు, శిలలు, పలకల చలనం అనే మూడు పాఠాలను కలిపే ముడి సరిగ్గా అక్కడే ఉంది. ఆ ముడి ఊడిపోతే విద్యార్థికి మిగిలేవి కంఠస్థం చేయవలసిన పేర్లు మాత్రమే.

ముందుగా కొలతలు. భూమి కేంద్రం మన కాళ్ల కింద సుమారు 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న భూపటలం సముద్రాల అడుగున సగటున 7 కిలోమీటర్లు, ఖండాల కింద 35 నుంచి 40 కిలోమీటర్లు, హిమాలయాలు, టిబెట్ పీఠభూమి వంటి చోట్ల 70 కిలోమీటర్ల దాకా మందం ఉంటుంది. దాని అడుగు నుంచి 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది ప్రావారం. భూమి ఘనపరిమాణంలో సుమారు 84 శాతం ఇదే. బొమ్మల్లో మరిగే ద్రవంగా చూపేది కూడా దీన్నే. భూపటలం, ప్రావారంలోని చల్లని పైభాగం కలిసి గట్టిగా, పెళుసుగా ఉండే శిలావరణం అవుతాయి. సుమారు 100 కిలోమీటర్ల మందం ఉండే ఈ శిలావరణపు ముక్కలే పలకలు. పలక అంటే భూపటలపు ముక్క అని రాయడం కూడా సరికాదు, ఎందుకంటే దాని మందంలో ఎక్కువ భాగం ప్రావారానికి చెందిన శిలే.

ఇంత లోతున ఏముందో ఎవరూ దిగి చూసింది లేదు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరింది. నిలువునా మనిషి భూమిలోకి చేరగలిగిన అత్యధిక లోతు అదే, కానీ ఖండపు భూపటలంలో అది మూడో వంతు మాత్రమే. అయినా ప్రావారం ఘనమని నిశ్చయంగా చెప్పగలుగుతున్నామంటే అందుకు ఆధారం భూకంపాలే. పెద్ద భూకంపం వచ్చినప్పుడు రెండు రకాల తరంగాలు భూగర్భం గుండా బయలుదేరతాయి. పి తరంగాలు తాము వెళ్లే దిశలోనే శిలను నొక్కుతూ, వదులుతూ సాగుతాయి. ఎస్ తరంగాలు శిలను అడ్డంగా ఊపుతూ, వాటికన్నా నెమ్మదిగా సాగుతాయి. అడ్డంగా ఊపినప్పుడు తిరిగి తన ఆకారానికి రాగలిగే గుణం ద్రవానికి లేదు కాబట్టి ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. ప్రతి పెద్ద భూకంపం తర్వాతా అవి ప్రావారం గుండా వేల కిలోమీటర్లు ప్రయాణించి దూరదేశాల భూకంప లేఖినులపై నమోదవుతూనే ఉన్నాయి. ప్రావారం ద్రవమే అయితే వాటిలో ఒక్కటీ అక్కడికి చేరేది కాదు.

ఈ జ్ఞానం కొత్తదేమీ కాదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేస్తూ 1897 నాటి అస్సాం భూకంపాన్ని లోతుగా అధ్యయనం చేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఆ నమోదుల్లో ఈ తరంగాలను విడివిడిగా గుర్తించాడు. తరంగాలు భూమిలోపల ఎంత లోతుకు వెళ్లినప్పుడు ఎంత ఆలస్యమవుతున్నాయో గమనించి, భూమి నడుమ వేరే స్వభావం గల కేంద్రం (కోర్) అనే గోళం ఉందని 1906లో చూపించాడు. ఆ కేంద్రం ద్రవమని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ నిర్ధారించగా, దాని నడుమ మరో ఘనభాగం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ కనుగొన్నారు. అంటే భూమిలోపల ద్రవం లేకపోలేదు. 2,900 కిలోమీటర్ల నుంచి దాదాపు 5,150 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న బాహ్య కేంద్రం నిజంగానే ద్రవం. అయితే అది ప్రధానంగా కరిగిన ఇనుము, కొంత నికెల్. భూమి అయస్కాంత క్షేత్రం పుట్టేది దాని కదలిక వల్లనే. అగ్నిపర్వతాల నుంచి వెలువడే లావాకు ఆ ద్రవంతో సంబంధం లేదు. బాహ్య కేంద్రం గురించిన నిజమే ఎవరి చేతిలోనో ప్రావారానికి అంటుకుని ఈ అపోహ స్థిరపడిపోయి ఉంటుందని నా అనుమానం.

ఇక్కడ ప్రతి తరగతిలోనూ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది: ఘనమైతే మరి కదలిక ఎలా సాధ్యం? ఈ ప్రశ్నను దాటవేయడం కోసమే చాలామంది ద్రవాన్ని ఆశ్రయిస్తారు. కానీ ఘనపదార్థం కూడా ప్రవహించగలదు, తగినంత వేడి, ఒత్తిడి, అన్నిటికీ మించి తగినంత కాలం ఉంటే. హిమానీనదంలోని మంచు సుత్తితో కొడితే పగులుతుంది, అయినా ఏళ్ల తరబడి లోయ వెంట ప్రవహిస్తుంది. ప్రావారం అలా ప్రవహిస్తుందనడానికి నేల మీదే కొలవగలిగే సాక్ష్యం స్కాండినేవియాలో ఉంది. గత హిమయుగంలో ఆ ప్రాంతాన్ని దాదాపు మూడు కిలోమీటర్ల మందపు మంచు కప్పింది. దాని బరువుకు నేల కుంగి, కింది ప్రావారం పక్కలకు జరిగింది. మంచు కరిగి వేల సంవత్సరాలైనా ప్రావారం ఇంకా నెమ్మదిగా వెనక్కి వస్తూనే ఉంది, నేల లేస్తూనే ఉంది. బోత్నియా సింధుశాఖ తీరంలో ఆ వేగం ఏటా సుమారు 9 మిల్లీమీటర్లు. 1731లో ఆండర్స్ సెల్సియస్ స్వీడన్ తీరాన ఒక బండ మీద ఆనాటి సముద్రమట్టాన్ని గీతగా చెక్కించాడు. నీరు తగ్గుతోందని ఆయన అనుకున్నాడు. నిజానికి లేస్తున్నది నేల. ఉష్ణోగ్రతామానంతో మనకు పరిచయమైన సెల్సియస్ ఆయనే. ఆ గీత ఇప్పుడు నీటికి చాలా పైన ఉంది. ద్రవంపై తేలే పలక అయితే మంచు కరిగిన వెంటనే లేచి స్థిరపడేది. పది వేల ఏళ్ల తర్వాత కూడా లేస్తూ ఉండేది కాదు.

ఆ ప్రవాహం ఎలా జరుగుతుందో చెప్పాలంటే ఖనిజాల దగ్గరకు రావాలి, విద్యార్థికి ఖనిజమంటే ఏమిటో తెలియవలసిన అవసరం మొదటిసారి నిజంగా ఇక్కడే వస్తుంది. ప్రకృతిలో సహజంగా ఏర్పడి, నిర్దిష్టమైన రసాయన సంఘటన కలిగి, పరమాణువులు ఒక క్రమంలో అమరి ఉన్న ఘనపదార్థం ఖనిజం. ప్రావారపు పైభాగంలోని శిల పెరిడొటైట్. అందులో ప్రధానమైన ఖనిజం ఆలివిన్, దానితో పాటు పైరాక్సీన్. ఆలివిన్ స్ఫటికాల్లో పరమాణువుల వరుసలు అక్కడక్కడా లోపాలతో ఉంటాయి. వేడిలో, ఒత్తిడిలో ఆ లోపాలు వరుస నుంచి వరుసకు జరుగుతాయి, స్ఫటికం విరగకుండానే ఆకారం మారుతుంది. ఇలాంటి కోటానుకోట్ల స్ఫటికాల మార్పు కలిసి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల ప్రవాహమవుతుంది. ఆలివిన్ ఆకుపచ్చగా ఉంటుంది. దాని మేలిరకమే నగల్లో పొదిగే పెరిడాట్. అంత లోతులోని వేడికి ఏ శిలైనా ఎర్రగా వెలుగుతుందన్నది నిజమే, కానీ వెలిగినంత మాత్రాన అది కరిగినట్టు కాదు.

ఇంకా లోతుకు వెళితే అవే మూలకాలు ఒత్తిడికి కొత్త అమరికలు తీసుకుంటాయి. సుమారు 410 కిలోమీటర్ల లోతున ఆలివిన్ వాడ్స్‌లీయైట్‌గా, 520 కిలోమీటర్ల దగ్గర రింగ్‌వుడైట్‌గా, 660 కిలోమీటర్ల దగ్గర బ్రిడ్జ్‌మనైట్, మరో ఖనిజంగా మారుతుంది. ఈ మార్పులు జరిగే లోతుల్లో భూకంప తరంగాల వేగం హఠాత్తుగా పెరుగుతుంది. భూమిలో అన్నిటికన్నా సమృద్ధిగా ఉన్న ఖనిజం బ్రిడ్జ్‌మనైట్ అయినా దానికి 2014 దాకా పేరే లేదు. ఖనిజానికి అధికారికంగా పేరు పెట్టాలంటే ప్రకృతిలో దొరికిన నమూనా ఉండాలి, అది ఆస్ట్రేలియాలో 1879లో పడిన టెన్‌హామ్ ఉల్కలో దొరికింది. అదే 2014లో బ్రెజిల్‌లోని జుయినా ప్రాంతపు వజ్రం ఒకదానిలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ రేణువును పరిశోధకులు గుర్తించారు, అందులో దాదాపు ఒకటిన్నర శాతం నీరు ఖనిజ నిర్మాణంలోనే బంధితమై ఉంది. మనం చేతితో తాకగలిగిన ప్రావారపు ముక్కలు ఇలా వజ్రాల్లోనూ, లావా తనతో పైకి లాక్కొచ్చిన పచ్చని పెరిడొటైట్ గడ్డల్లోనూ దొరుకుతూనే ఉన్నాయి. అవన్నీ ఘనంగా ఉన్నప్పుడు విరిగి వచ్చిన ముక్కలే.

ప్రావారం ఘనమైనప్పుడు లావా ఎక్కడి నుంచి వస్తుంది? అన్ని ప్రశ్నల్లోకీ నాకు ఇష్టమైనది ఇదే, ద్రవసముద్రపు బొమ్మ చంపేసే ప్రశ్న కూడా ఇదే. కింద అంతా ద్రవమే అనుకున్న విద్యార్థి అగ్నిపర్వతాన్ని ఆ ద్రవంలోకి పడిన కన్నంగా భావిస్తాడు. అప్పుడు అవి కొన్నిచోట్లే ఎందుకున్నాయని అడగాలనే అతనికి తోచదు. అసలు సంగతి ఏమిటంటే శిల కరగడం వేడి ఒక్కదానిపైనే ఆధారపడదు. ఒత్తిడి పెరిగేకొద్దీ శిల కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. 1,300 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న పెరిడొటైట్ వంద కిలోమీటర్ల లోతున ఘనంగానే ఉంటుంది. దాన్ని అదే వేడితో పైకి తెస్తే, ఒత్తిడి తగ్గినందువల్లనే అది కరగడం మొదలుపెడుతుంది. ఎవరూ దాన్ని అదనంగా వేడి చేయనక్కర్లేదు.

సముద్రాల నడుమ జరుగుతున్నది అదే. రెండు పలకలు విడిపోయే చోట కింది ప్రావారం ఆ ఖాళీలోకి లేస్తుంది, లేస్తూ కొద్ది శాతం కరుగుతుంది. మొత్తం కరగదు, ముందుగా కరిగే ఖనిజాలే కరుగుతాయి, అందుకే వచ్చే ద్రవంలో సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) పెరిడొటైట్‌లో కన్నా ఎక్కువగా ఉంటుంది. అది చల్లబడితే బసాల్ట్. ఈ నడిసముద్రపు పర్వతశ్రేణి దాదాపు 65,000 కిలోమీటర్ల పొడవున భూగోళమంతా చుట్టి ఉంది, సముద్రాల అడుగున ఉన్న భూపటలం దాదాపు అంతా అక్కడ ఇలాగే పుట్టింది. అగ్నిశిలలకు ఉదాహరణ బసాల్ట్ అని రాయించే పాఠం ఈ పుట్టుకను చెప్పకపోతే ఆ పేరుతో విద్యార్థికి ఏం ప్రయోజనమో నాకు బోధపడదు.

రెండో మార్గం నీరు. సముద్రపు పలక మరో పలక కిందికి దిగినప్పుడు, లక్షల ఏళ్లు సముద్రగర్భంలో ఉన్నందువల్ల తన ఖనిజాల్లో బంధించుకున్న నీటిని వెంట తీసుకెళుతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ ఖనిజాలు విచ్ఛిన్నమై నీటిని వదులుతాయి. ఆ నీరు పైనున్న ప్రావారంలోకి చేరి, అది కరిగే ఉష్ణోగ్రతను కొన్ని వందల డిగ్రీలు తగ్గిస్తుంది. చల్లని పలక దిగుతున్న చోట అగ్నిపర్వతాలు పుట్టడమనే విచిత్రం ఇలా అర్థమవుతుంది. పసిఫిక్ చుట్టూ అగ్నివలయంలో పర్వతాలు దిగే పలకకు సమాంతరంగా, దాని పైభాగం దాదాపు వంద కిలోమీటర్ల లోతుకు చేరిన చోటికి పైన వరుసగా నిలబడటానికి కారణం ఇదే. ఆ శిలాద్రవం పైకి వస్తూ మందపాటి ఖండపు భూపటలంలో ఆగినప్పుడు ముందుగా ఇనుము, మెగ్నీషియం గల ఖనిజాలు స్ఫటికాలుగా విడిపోతాయి, మిగిలినదానిలో సిలికా పెరుగుతుంది, అది చిక్కబడుతుంది. ఈ క్రమాన్ని 1920లలో నార్మన్ బోవెన్ ప్రయోగశాలలో నిరూపించాడు. సిలికా తక్కువగా ఉండి పలుచగా పారే హవాయి బసాల్ట్ లావా పక్కన జనం నిలబడి చూడగలుగుతారు. చిక్కని ద్రవంలో వాయువులు బయటికి పోలేక పేరుకున్నందువల్ల 1980 మే 18న అమెరికాలోని సెయింట్ హెలెన్స్, 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటూబో బద్దలయ్యాయి. పినటూబో ఎగజిమ్మిన గంధక వాయువుల వల్ల ఆ తర్వాతి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. ఒక ఖనిజంలో బంధించిన నీటి నుంచి ప్రపంచ వాతావరణం దాకా సాగే ఈ కార్యకారణ శ్రేణిలో ద్రవసముద్రానికి ఎక్కడా చోటు లేదు.

ఖండాలను కట్టిన గ్రానైట్ కూడా ఈ కథలోదే. మళ్లీ మళ్లీ కరిగి, వేరుపడి, సిలికా ఎక్కువైన ద్రవం లోతున నెమ్మదిగా చల్లబడితే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, అభ్రకం గల గ్రానైట్ అవుతుంది. తేలిక కాబట్టి అది దిగి ప్రావారంలో కలిసిపోదు. సముద్రపు భూపటలం మాత్రం దిగి ప్రావారంలో కలిసిపోతుంది; విశాలమైన మహాసముద్రాల అడుగున సుమారు 20 కోట్ల సంవత్సరాలకు మించిన వయసు గల భూపటలం దొరకకపోవడానికి కారణం అదే. ఖండాలపై మాత్రం 400 కోట్ల ఏళ్ల నాటి శిలలు ఉన్నాయి, పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ దగ్గర దొరికిన జిర్కాన్ రేణువుల్లో కొన్నిటి వయసు 440 కోట్ల సంవత్సరాలు. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి ఆ తర్వాత అందులో కనిపించే సీసం యురేనియం క్షయం (నెమ్మదిగా సీసంగా మారడం) వల్ల వచ్చినదేనని లెక్కించవచ్చు. ఒక ఖనిజపు స్ఫటిక నిర్మాణం వల్లనే మనకు ఆదిమ భూమి కాలమానం దొరికింది.

పలకలను కదిలించేది ఏది అన్న ప్రశ్నకు కూడా సాధారణంగా కింద ప్రవహించే ద్రవం వాటిని మోసుకుపోతుందని జవాబిస్తారు. ఇక్కడా ఖనిజాలే సరైన జవాబు చెబుతాయి. నడిసముద్రంలో వేడిగా పుట్టిన పలక కోట్ల ఏళ్లలో చల్లబడి, కుదించుకుని, బరువెక్కి చివరికి ప్రావారంలోకి వంగుతుంది. దిగిన తర్వాత ఒత్తిడికి దాని బసాల్ట్‌లోని ఖనిజాలు గార్నెట్, పైరాక్సీన్‌గా మారతాయి. అలా ఏర్పడిన ఎక్లోజైట్ అనే రూపాంతర శిల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.5 గ్రాములు, చుట్టూ ఉన్న ప్రావారానిది 3.3 మాత్రమే. కాబట్టి అది మునుగుతూ, వెనకనున్న పలకనంతా తనతో లాగుతుంది. బల్ల అంచున సగానికి పైగా జారిన బట్ట తన బరువుతో మిగతా బట్టను లాక్కున్నట్టే. ఈ లాగుడు ఎంత ముఖ్యమో డోనాల్డ్ ఫోర్సిత్, సేయా ఉయెదా 1975లో చూపించారు: అంచులో చెప్పుకోదగ్గ భాగం కిందికి దిగుతున్న పసిఫిక్, నాజ్కా, కోకస్ పలకలు వేగంగా కదులుతున్నాయి, అలాంటి అంచు పెద్దగా లేని యురేషియా, ఆఫ్రికా పలకలు నెమ్మదిగా కదులుతున్నాయి. శిల రూపాంతరం ఒక పాఠమూ, పలకల చలనం వేరొక పాఠమూ కావడానికి వీల్లేదని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఈ సందర్భంలో చరిత్రను కూడా గుర్తుచేయాలి. 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదిలాయని ప్రతిపాదించినప్పుడు ఎదురైన బలమైన అభ్యంతరం ప్రావారం ఘనమన్నదే. దాన్ని చీల్చుకుంటూ ఖండాలు పోలేవని గట్టిగా వాదించినవారిలో కేంద్రం ద్రవమని తేల్చిన జెఫ్రీస్ కూడా ఉన్నాడు. ప్రావారం ద్రవమని చెప్పి ఆ అభ్యంతరాన్ని దాటడం అప్పట్లో ఎవరికీ సాధ్యం కాలేదు, ఎందుకంటే తరంగాలు అలా చెప్పనివ్వలేదు. ఘనశిలే వేడికి నెమ్మదిగా ప్రవహిస్తుందని ఆర్థర్ హోమ్స్ 1920ల చివర్లో సూచించాడు. 1950లలో మేరీ థార్ప్ గీసిన అట్లాంటిక్ అడుగు పటాల్లో నడిశ్రేణి పొడవునా ఒక చీలిక లోయ బయటపడింది. 1962లో హ్యారీ హెస్ సముద్రగర్భం అక్కడ పుట్టి పక్కలకు జరుగుతుందని రాశాడు. దానికి రుజువు తెచ్చిపెట్టింది మళ్లీ ఒక ఖనిజమే. బసాల్ట్‌లోని మాగ్నటైట్ సుమారు 580 డిగ్రీల కన్నా చల్లబడినప్పుడు ఆనాటి అయస్కాంత క్షేత్ర దిశను తనలో నిలుపుకుంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం పలుమార్లు తారుమారైంది, చివరిసారి సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ల కిందట. ఆ తారుమార్లు నడిశ్రేణికి రెండువైపులా ఒకే తీరున పట్టీలుగా ఉండటాన్ని ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో వివరించారు. గ్లోమర్ చాలెంజర్ నౌక 1968లో దక్షిణ అట్లాంటిక్‌లో తీసిన నమూనాలు నడిశ్రేణి నుంచి దూరం పెరిగేకొద్దీ సముద్రగర్భం వయసు పెరుగుతుందని ధ్రువపరిచాయి. అర్ధశతాబ్దం పాటు ఆ శాస్త్రవేత్తలు ఎదుర్కొన్న కష్టాన్ని ఒక తప్పు బొమ్మతో తుడిచేయడం వారికి అన్యాయమే.

భూకంప వార్తల్లో కనిపించే మరో మాట, రెండు పలకలు ఢీకొనడంతో భూకంపం వచ్చిందన్నది. పలకలు ఆ రోజు ఢీకొనలేదు. లక్షల ఏళ్లుగా ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతూనే ఉన్నాయి. వాటి సరిహద్దులోని భ్రంశం, అంటే శిలలు జారే పగులు, మాత్రం రాపిడి వల్ల బిగుసుకుపోయి ఉంటుంది. చుట్టూ ఉన్న శిల వంగుతూ శక్తిని దాచుకుంటుంది. బిగువు రాపిడిని మించిన క్షణాన జారి, దాచుకున్న శక్తిని తరంగాలుగా వదులుతుంది. 1906 నాటి శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో కంచెలు, దారులు కొన్ని మీటర్లు పక్కకు జరిగిపోవడాన్ని పరిశీలించి హ్యారీ రీడ్ ఈ సంగతిని 1910లో వివరించాడు. జపాన్‌లో 2011 మార్చి 11న వచ్చిన భూకంపంలో, పలక కిందికి దిగే సముద్రపు అగాధం సమీపాన భ్రంశం దాదాపు 50 మీటర్లు జారింది. ఇదీ ఘనశిల గుణమే. ద్రవం వంగి శక్తిని దాచుకోలేదు. లోతున మామూలు ప్రావారం వేడిగా ఉండి, విరగకుండా ప్రవహిస్తుంది కాబట్టి అక్కడ భూకంపాలు రావు. దిగుతున్న చల్లని పలకలోపల మాత్రం దాదాపు 700 కిలోమీటర్ల లోతు దాకా వస్తాయి. పలక ఏ వాలులో దిగుతోందో ఆ భూకంప కేంద్రాలే గీసి చూపుతాయి.

అవక్షేప శిలల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, అవి ఉపరితలపు కథ. అయినా పలకలు వాటినీ వదలలేదు. ఎవరెస్ట్ శిఖరాగ్రాన ఉన్నది సముద్రంలో పేరుకున్న సున్నపురాయి, అందులో 40 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రజీవుల శిలాజపు తునకలున్నాయి. భారత పలక యురేషియాను సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట తాకినప్పటి నుంచి ఆ సముద్రపు అడుగు ఆకాశానికి ఎత్తబడుతూ వచ్చింది. ఖండపు శిల ఎంత లోతుకు దిగగలదో చెప్పింది మరో చిన్న ఖనిజం. కోయసైట్ అనేది క్వార్ట్జ్‌కు అధిక పీడన రూపం. అది ఏర్పడాలంటే సుమారు వంద కిలోమీటర్ల లోతులోని ఒత్తిడి కావాలి. 1984లో ఆల్ప్స్ పర్వతాల్లోని డోరా మైరా ప్రాంతపు శిలల్లో, నార్వేలో కూడా అది దొరికింది. ఖండాల శిలలు అంత లోతుకు దిగి తిరిగి పైకి వచ్చాయని అంతకుముందు నమ్మినవారు తక్కువ.

మోస్ కాఠిన్య మాపకంలోని పది ఖనిజాలను వరుసగా చెప్పగలిగిన విద్యార్థికి మార్కులు వేస్తాం. అగ్ని, అవక్షేప, రూపాంతర శిలలకు రెండేసి ఉదాహరణలు రాస్తే మరికొన్ని మార్కులు వేస్తాం. వాటిని నేర్పవద్దని నేను అనను. పేరు తెలియకుండా వస్తువును గుర్తించలేం. కానీ వజ్రం పది, టాల్క్ ఒకటి అని చెప్పిన విద్యార్థికి, గ్రాఫైట్, వజ్రం రెండూ కర్బనమే అయినా ఒత్తిడి పరమాణువుల అమరికను మార్చడం వల్లనే ఒకటి కాగితంపై రాస్తుందని, మరొకటి గాజును కోస్తుందని చెబితే, ఆలివిన్ రింగ్‌వుడైట్‌గా ఎందుకు మారుతుందో దానంతట అదే అర్థమవుతుంది. అక్కడి నుంచి బసాల్ట్ ఎక్లోజైట్ కావడానికి, ఎక్లోజైట్ పలకను లాగడానికి ఒక్కొక్క అడుగే దూరం. ప్రావారం ద్రవమని మొదటే చెప్పేస్తే ఈ అడుగుల్లో ఒక్కటీ వేయనక్కర్లేదు, వేయలేరు కూడా.

పత్రికను నేను కోరేవి కొన్నే. భూగోళపు కోత బొమ్మలో ప్రావారాన్ని ఘనశిలగా గుర్తించే రంగులో, గీతలతో వేయించండి. ద్రవపు రంగును బాహ్య కేంద్రానికి మాత్రమే వాడించండి. కరిగిన శిల ప్రావారంలో ఎక్కడైనా ఉంటుందన్నట్టు కాకుండా, నడిశ్రేణుల కింద, దిగే పలకల పైన, లోతు నుంచి బాగా వేడైన శిల పైకి లేచే హవాయి వంటి చోట్ల కింద మాత్రమే చిన్న చిన్న మచ్చలుగా చూపించండి. కరిగిన శిలాద్రవంపై తేలుతున్న పలకలు అన్న వాక్యం వచ్చిన చోటల్లా, వేడికి మెత్తబడి నెమ్మదిగా ప్రవహించే ఘనశిలపై కదిలే పలకలు అని మార్పించండి. స్థలం ఎక్కువేమీ పట్టదు. భూకంప వార్తలో తీవ్రతతో పాటు నాభి (భూకంపం మొదలైన చోటు) లోతును, పలకలు అక్కడ విడిపోతున్నాయా, ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయా, పక్కపక్కన జారుతున్నాయా అన్నదాన్ని కూడా ఒక వాక్యంలో ప్రచురించండి. విద్యార్థుల పేజీలో ఖనిజాలు, శిలలు, పలకలకు మూడు వేర్వేరు వారాలు కేటాయించే బదులు, ఒక ఆలివిన్ రేణువు నడిశ్రేణి కింద నుంచి బయలుదేరి దిగే పలకతో తిరిగి ప్రావారానికి చేరేదాకా ఒకే వరుసలో రాయించగలిగితే, అలాంటి వ్యాసాలను పరిశీలించి సరిదిద్దే పనిని ప్రతిఫలం ఆశించకుండా చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక భూవిజ్ఞాన ఉపాధ్యాయురాలు